చుట్టమా, పొరుగా? ఇంగ్లీషు మాటల గోడ: పని డైరీ

ఏప్రిల్, రెండో వారం

విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో మా అపార్ట్‌మెంట్ కింద అసోసియేషన్ గది ఒకటి ఉంది. నెలకోసారి మీటింగ్ జరుగుతుంది. మిగతా రోజుల్లో అది పాత కుర్చీలకీ, వినాయక చవితి పందిరి సామానుకీ నిలయం. అందులో తూర్పు గోడ పూర్తిగా ఖాళీ. ఈ వేసవి సెలవుల్లో పిల్లల చేత ఆ గోడ మీద ఇంగ్లీషు మాటల పటం కట్టించాలని పని మొదలుపెట్టాం.

మామూలుగా ఇంగ్లీషు మాటల చార్టులంటే పళ్లు, కూరగాయలు, జంతువులు. మాది అలా కాదు. డిక్షనరీలో వరసగా ఒకదాని కింద ఒకటి పడ్డ మాటలనే తీసుకుని, వాటిలో ఏది దేనికి చుట్టమో, ఏది ఉత్త పొరుగో తేల్చాలి. స్పెల్లింగ్ కలిసిందని పక్కపక్కన పడ్డ మాటలు అవి. ఒకే అంతస్తులో ఉంటున్న నాలుగు ఫ్లాట్ల వాళ్లూ ఒకే ఊరివాళ్లు కానట్టే, ఇవీ ఎక్కడెక్కడి నుంచో వచ్చి చేరాయి. పిల్లలేమో స్పెల్లింగ్ చూసి అర్థం ఊహిస్తారు. కరెంట్ తెలుసు కాబట్టి, అందులో ‘ఇ’ బదులు ‘ఏ’ పడిన కరంట్ కూడా అలాంటిదే అనుకుంటారు. అది ఎండు ద్రాక్ష. గ్రీసులోని కొరింత్ రేవు పేరు అరిగి అరిగి అలా అయింది.

నియమాలు పిల్లలతోనే రాయించాను. మధ్యలో ఒక మాట. అది మన ఊరికో, మన భాషలకో సంబంధించినదై ఉండాలి. డిక్షనరీలో దానికి పైన మూడు, కింద మూడు మాటలు. ఒకే మాటకి తోకలు తగిలించి చేసినవి లెక్కలోకి రావు. కార్డుకి ముందువైపు స్పెల్లింగ్, వెనక తెలుగు అర్థం, అడుగున ఆ మాట ఏ భాష నుంచి వచ్చిందో ఒక ముక్క. నిజంగా ఒకే మూలం నుంచి వచ్చిన మాటల మధ్య ఎర్ర దారం. పండితులు కూడా ‘కావచ్చు’ అని వదిలేసిన చోట తెల్ల దారం. ఏ సంబంధమూ లేకపోతే దారం లేదు. మన వైపు భాషల నుంచి ఇంగ్లీషులోకి వెళ్లిన మాటకి పచ్చ బొట్టు.

మూలాలు ఫోన్‌లో వెతికి రాసేయొద్దని మొదటి రోజే చెప్పాను. ద్వారకానగర్ పబ్లిక్ లైబ్రరీకి వెళ్లి పెద్ద డిక్షనరీలో చూసి రావాలి, కనీసం రెండింట్లో ఒకే మాట ఉండాలి. పదో తరగతి పాస్ అయిన పై ఫ్లోర్ అమ్మాయి ఈ షరతుకి మొహం మాడ్చుకుంది. తర్వాత లైబ్రరీకి అందరికంటే ఎక్కువ వెళ్లింది తనే.

ఏప్రిల్ చివర: సామాను

గోడకి మేకులు కొట్టడానికి అసోసియేషన్ ఒప్పుకోలేదు. రెండు కిటికీ ఊచల మధ్య తాళ్లు కట్టి కార్డులు వేలాడదీద్దామని మా ఎలక్ట్రీషియన్ సలహా ఇచ్చాడు. తాడుకి బట్టల క్లిప్పులు, కార్డులకి డ్రాయింగ్ షీట్లు, రాతకి స్కెచ్ పెన్నులు. అన్నీ పూర్ణా మార్కెట్ దగ్గర ఒక్క పూటలో దొరికాయి. దారాల కోసం మటుకు ఊలు వద్దన్నాడు ఒక కుర్రాడు. వాళ్ల మామయ్యకి ఫిషింగ్ హార్బర్లో పని. వలలు కుట్టే నైలాన్ దారం తెచ్చి ఇచ్చాడు. ముడి వేస్తే జారుతోంది గానీ, రెండు ముళ్లు వేశాక ఇక ఊడే ప్రసక్తి లేదు.

మే మొదట్లో: మొదటి తాడు, బాండికూట్

ఇంగ్లీషులోకి వెళ్లిన తెలుగు మాట ఏదైనా ఉందా అని పిల్లలు అడిగితే పందికొక్కుతోనే మొదలుపెట్టాం. బాండికూట్ అంటే అదే. పంది, కొక్కు రెండూ కలిసిన మన మాటే ఇంగ్లీషువాళ్ల నోట అలా తిరిగింది. జంతుశాస్త్రంలో ఆ ఎలుక ప్రజాతి పేరు కూడా బాండికోటానే. తర్వాత ఆస్ట్రేలియా వెళ్లిన యూరోపియన్లు అక్కడ పొట్టకి సంచి ఉండే వేరే జంతువుని చూసి దానికీ ఇదే పేరు పెట్టేశారు. అది ఎలుక కాదు, కంగారూ వైపు జీవి. వీడియో గేమ్‌లో గంతులేసే క్రాష్ బాండికూట్ పేరులో సగం మన గాదెల కింద తవ్వే పందికొక్కుదని తెలిసి నాలుగో తరగతి పిల్లవాడు కాసేపు నమ్మలేదు. లైబ్రరీ నుంచి కార్డు రాసుకొచ్చి చూపించాకే ఒప్పుకున్నాడు.

ఇప్పుడు దాని ఇరుగుపొరుగు. పైన బ్యాండ్, బ్యాండేజ్, బందానా. కింద బాండిట్, బ్యాండ్‌వ్యాగన్, బ్యాండీ.

బ్యాండేజ్ అంటే గాయానికి కట్టే కట్టు. ఫ్రెంచి నుంచి వచ్చింది. దాని వెనక జర్మానిక్ భాషల్లో ‘కట్టు’ అనే అర్థమున్న ధాతువు ఉంది. బందానా, తలకి చుట్టుకునే రంగు గుడ్డ, హిందీ బాంధ్నూ నుంచి వచ్చింది. గుడ్డని చిన్న చిన్న ముడులు కట్టి రంగులో ముంచే అద్దకం పేరు అది. ఒకటి ఫ్రాన్సు మీదుగా, ఇంకొకటి ఉత్తర భారతం నుంచి. అయినా రెండింటి అడుగునా ఉన్నది ఒకే ఇండో-యూరోపియన్ ధాతువు, అంటే చాలా యూరపు భాషలకీ ఉత్తర భారత భాషలకీ ఉమ్మడిగా ఉన్న పాత మూలం. సంస్కృతంలో అది బంధ్. మనం బంధువు అంటున్నదీ, పారశీకం మీదుగా బందోబస్తు అంటున్నదీ అందులోంచే. కాబట్టి ఎర్ర దారం. గోడ మీద కట్టిన మొదటి దారం ఇదే.

బాండిట్ దగ్గర పిల్లలు చాలా గట్టిగా వాదించారు. దొంగని తాళ్లతో కట్టేస్తారు కాబట్టి అదీ బంధమేనట. ఊహ బాగుంది గానీ నిజం వేరు. ఇటాలియన్‌లో బందితో అంటే ఊళ్లో చాటింపు వేసి వెలివేయబడినవాడు. బ్యాన్ అనే మాట వైపు చుట్టరికం. కట్టుకి సంబంధం లేదు. దారం లేదు. ఇక బాండికూట్‌కి ఆ వరసలో ఎవరితోనూ దారం లేదు. పచ్చ బొట్టుతో మధ్యలో ఒంటరిగా వేలాడుతోంది.

మే, రెండో వారం: సముద్రపు గాలి

బీచ్‌కి దగ్గరగా ఉన్నందుకు పన్ను కట్టాల్సి వచ్చింది. క్లిప్పుల స్ప్రింగులు తుప్పు పట్టి కార్డుల మీద గోధుమ రంగు మరకలు. డ్రాయింగ్ షీట్లు చెమ్మ పీల్చి అంచులు ముడుచుకుపోయాయి. స్కెచ్ పెన్ సిరా అక్కడక్కడా పాకింది. ఉప్పుగాలి ఇనుముని ఎంత త్వరగా తింటుందో ఈ ఊళ్లో గేట్లూ, గ్రిల్సూ, ఏసీ బయటి డబ్బాలూ చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు.

కొత్త పద్ధతి ఇది. పాత ఫ్లెక్సీల వెనకవైపు తెల్లగా ఉంటుంది. ఎన్నికలవీ, పుట్టినరోజులవీ బోలెడు పడి ఉన్నాయి. వాటిని కార్డు సైజుకి కత్తిరించి, వెనకవైపు పర్మనెంట్ మార్కర్‌తో రాయడం. చెమ్మకి ఏమీ కాదు. క్లిప్పులు తీసేసి, పైన పంచింగ్ మెషీన్‌తో రంధ్రం కొట్టి అదే వల దారంతో తాడుకి కట్టేయడం. తెలుగు అర్థం రాయడానికి రెండోవైపు ఖాళీ లేదు కదా, అక్కడ ఎవరో నాయకుడి మీసం ఉంటుంది. అందుకని రెండు ముక్కలు వీపు వీపు ఆనించి అంచుల్లో కుట్టాలి. ఈ కుట్టుపని పై ఫ్లోర్ అమ్మమ్మగారు తీసుకున్నారు. మిషన్ మీద కార్డుకి నిమిషం కూడా పట్టడం లేదు. “ఇంగ్లీషు రాదు గానీ ఇంగ్లీషంతా నా మిషన్ కిందనుంచే పోతోంది” అని ఆవిడ అందరికీ చెబుతున్నారు.

అదే వారం: మాస్టారి అభ్యంతరం

సెకండ్ ఫ్లోర్‌లో ఉండే రిటైర్డ్ తెలుగు మాస్టారు వచ్చి గోడ చూశారు. చాలాసేపు చూసి, “ఇదేం వరసమ్మా? ఏ తర్వాత బి ఎందుకు రావాలి?” అన్నారు.

ఎగతాళి అనుకున్నాను. కాదు. ఆయన కూర్చుని పిల్లలకి పాఠమే చెప్పారు. మన వర్ణమాలలో వరసకి కారణం ఉంది. క వర్గం గొంతులో పుడుతుంది, చ వర్గం అంగిలి దగ్గర, ట వర్గం నాలుక మడిచి, త వర్గం పళ్ల దగ్గర, ప వర్గం పెదవుల మీద. అంటే నోరు లోపలి నుంచి బయటికి నడుచుకుంటూ వస్తుంది. తెలుగు నిఘంటువులో పక్కపక్కన ఉన్న మాటలకి అర్థంలో చుట్టరికం లేకపోవచ్చు గానీ, అక్షరాలకి మటుకు ఉంటుంది. ఇంగ్లీషు ఏబీసీల వరస ఫినీషియన్ల దగ్గర మొదలై గ్రీకులు, రోమన్ల మీదుగా వచ్చింది. వాళ్ల భాషలో మొదటి అక్షరం పేరుకి ఎద్దు అని అర్థం, రెండోదానికి ఇల్లు. ఎద్దు తర్వాత ఇల్లు ఎందుకంటే ఎవరూ చెప్పలేరు.

ఆ తర్వాత అమరకోశం ఎత్తారు. అందులో అక్షరాల వరసే లేదు. మూడు కాండలు, వాటిలో వర్గాలు. భూమి గురించినవన్నీ ఒకచోట, ఊరి గురించినవి ఒకచోట, కొండలు, ఓషధులు, మృగాలు, మనుషులు ఇలా. కంఠస్థం చేయడానికి రాసింది కాబట్టి వెతుక్కునే అవసరం లేదు. అక్కడ పక్కపక్కన ఉన్నవన్నీ అర్థంలో చుట్టాలే. “మీ గోడ మీద దారాలే అక్కర్లేకపోను” అన్నారు.

నిజమే. కానీ అలా పెడితే ఈ ఆట ఉండదు. చుట్టాలందరినీ ముందే ఒక గదిలో కూర్చోబెట్టాక వెతకడానికి ఏముంటుంది? ఆ మాటే అన్నాను. ఆయన నవ్వి ఊరుకున్నారు, ఒప్పుకున్నారని మాత్రం నేను అనుకోవడం లేదు.

ఒక్కటి మటుకు ఆయన వల్ల తెలిసింది. అక్షరక్రమం ఇంగ్లీషువాళ్లకి కూడా పుట్టుకతో వచ్చిన అలవాటు కాదు. 1604లో రాబర్ట్ కాడ్రీ వేసిన చిన్న ఇంగ్లీషు డిక్షనరీలో, ‘ఏ’తో మొదలయ్యే మాట కావాలంటే పుస్తకం మొదట్లో చూడండి, ‘వి’తో అయితే చివర్లో చూడండి అని పాఠకులకి ముందుమాటలో నేర్పాల్సి వచ్చింది. దీన్ని ఒక కార్డు మీద రాసి తాడు మొదట్లో కట్టాం. వెతకడం రాక సిగ్గుపడే చిన్నపిల్లలకి ఆ కార్డు చూపిస్తే ధైర్యం వస్తోంది.

మే మూడో వారం: కాటమరాన్

ఈ తాడు కోసం పిల్లల్ని పెద జాలారిపేట తీసుకెళ్లాను. పొద్దున్నే, ఎండ ఎక్కకముందు. ఒడ్డున వల బాగుచేసుకుంటున్న పెద్దాయన్ని, దీన్ని ఏమంటారని అడిగారు పిల్లలు.

“తెప్ప. ఎనకటికి దుంగలు కట్టి ఏసేవోళ్లం. ఇప్పుడు ఫైబర్ వొచ్చింది. అయినా తెప్పే.”

“ఇంగ్లీషులో కాటమరాన్ అంటారు తాతా.”

“ఏటో. అరవోళ్ల మాటలా ఉంది.”

ఆయన చెవి గట్టిదే. తమిళంలో కట్టు, మరం కలిస్తే కట్టుమరం. కట్టిన దుంగలు. మన మాను, పాత తెలుగులో మ్రాను, తమిళ మరం అన్నీ ఒకే ద్రావిడ మూలంలోంచి వచ్చినవే. కట్టు మనకీ కట్టే. తెలుగువాళ్లు తెప్ప అనకుండా కట్టుమాను అనుంటే ఇంగ్లీషువాళ్లు దాన్ని ఎలా పలికేవాళ్లో అని దారంతా పిల్లలు పోటీలు పెట్టుకున్నారు. ఇప్పుడు ఇంగ్లీషులో కాటమరాన్ అంటే పక్కపక్కన రెండు పొట్టలుండే పడవ. ఈ ఒడ్డున అడిగితే అది ఎవరికీ తెప్పలా కనబడదు.

డిక్షనరీలో దాని ఇరుగుపొరుగు చూడండి. పైన కాటకోంబ్, కాటలాగ్, కాటలిస్ట్. కింద కాటపుల్ట్, కాటరాక్ట్, కాటార్. ఇవి దాదాపు అన్నీ గ్రీకు వాళ్లే. గ్రీకులో కటా అంటే కిందికి అనీ, పూర్తిగా అనీ. కాటలాగ్ పూర్తిగా ఏరి రాసిన జాబితా. కాటలిస్ట్ అంటే ఉత్ప్రేరకం, అందులో ఉన్నది విప్పడం. కాటపుల్ట్ రాళ్లు విసిరే యంత్రం. కాటార్ అంటే పడిశం, ముక్కులోంచి కిందికి కారడం. గ్రీకువాళ్లు దాన్ని అంత మామూలుగా చెప్పేశారు. కాటకోంబ్‌ది, అంటే రోమ్‌లో భూమి కింది సమాధుల మాటది, మూలం తేలనిది. దానికి తెల్ల దారం.

కాటరాక్ట్ దగ్గర కుట్టుమిషన్ అమ్మమ్మగారు ఆగిపోయారు. ఈమధ్యే ఆవిడకి కంటి శుక్లం ఆపరేషన్ అయింది. ఆ మాటకి ఇంకో అర్థం పెద్ద జలపాతం. దభాలున కిందికి పడేది. పడేదానికి కంటికీ ఏమిటి? లాటిన్‌లో అదే మాట కోట గుమ్మంలో పైనుంచి దించే ఇనుప కమ్మీల తలుపుకీ వాడేవారు. చూపుకి అడ్డంగా దిగిన తలుపు అన్నమాట. “నాకు డాక్టరు ఈ సంగతి చెప్పలేదే” అన్నారావిడ. ఆ కార్డు రెండు వరసలు ఎక్కువగా, బలంగా కుట్టారు.

ఏడో మాట తర్వాత ఎనిమిదోది కాటస్ట్రఫీ. మహా విపత్తు. గ్రీకులో కిందికి తిరగబడటం. నియమం ప్రకారం అది తాడు మీదికి రాకూడదు. పిల్లలు ఓటింగ్ పెట్టి చేర్చారు. నేను ఒక్కదాన్నే వ్యతిరేకం.

ఈ తాడు మీద గ్రీకు మాటల మధ్య ఎర్ర దారాలు గజిబిజిగా అల్లుకున్నాయి. నడుమ పచ్చ బొట్టుతో కాటమరాన్. ‘సి ఏ టి ఏ’ అనే నాలుగు అక్షరాలు కలవడం తప్ప దానికి వాళ్లతో పనే లేదు. ఇప్పటిదాకా కట్టిన వాటిలో నాకు బాగా నచ్చింది ఇదే.

మే చివర: డాల్ఫిన్, స్టీలు, క్లుప్తంగా

డాల్ఫిన్స్ నోస్ కొండ పేరు మీద ఒక తాడు కట్టాం. డాల్, డాలర్, డాలప్, డాల్ఫిన్, డోల్ట్, డొమైన్, డోమ్. అనుకున్నంత పండలేదు. డాల్ అనేది డరోతీ అనే పేరుకి ముద్దుపేరు. డాలర్ ఇప్పటి చెక్ దేశంలో వెండి గనులున్న యోకిమ్‌స్టాల్ అనే లోయ పేరులోంచి వచ్చింది. ఆ పేరులో స్టాల్ అని వినబడే చోట ఉన్నది థాల్, అంటే లోయ. డొమైన్, డోమ్ రెండూ లాటిన్ ఇల్లు అనే మాట వైపువి, ఒక ఎర్ర దారం. అంతే.

స్టీలు తాడు కోసం ప్లాంట్‌లో రిటైరైన ఫస్ట్ ఫ్లోర్ అంకుల్ పట్టుబట్టారు. స్టెల్త్, స్టీమ్, స్టీడ్, స్టీల్, స్టీప్, స్టీపుల్, స్టీర్. స్టీప్ అంటే నిటారు, స్టీపుల్ అంటే చర్చి శిఖరం. వీటి మధ్య ఎర్ర దారం. స్టెల్త్‌కి చుట్టమైన స్టీల్, అంటే దొంగిలించడం, దానికి ఒక్క మెట్టు పైన ఉంది కాబట్టి తాడు మీదికి రాలేదు. పలకడంలో మన స్టీలూ అదీ ఒకటే కాబట్టి అంకుల్‌కి ఇది ఇంకా నయమనిపించింది.

ఆయన అసలు కోరిక వేరు. ఉక్కు అనే మాట గోడ మీద ఉండాలి. ‘విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు’ ఉద్యమం నాటి మనిషి. ఉక్కు ఇంగ్లీషులోకి వెళ్లిందా అంటే, వెళ్లింది. వూట్జ్ అనే వేషంలో. దక్షిణాదిలో మూసల్లో కరిగించి చేసే పాతకాలపు ఉక్కుకి ఆ పేరు. లండన్‌లో జార్జ్ పియర్సన్ 1795లో ఆ ఉక్కు మీద రాసిన పరిశోధన పత్రంలో కనబడుతుంది. కన్నడ, తెలుగు ఉక్కు చివర్లో ‘ట్జ్’ ఎలా మొలిచిందంటే, వూక్ అని రాసింది అచ్చులోనో చదవడంలోనో తారుమారైందని డిక్షనరీలు అనుకుంటాయి. పెద్ద డిక్షనరీలో దాని పైన వూల్లీ, కింద వూజీ. ఉన్నిలాంటిది, తల తిరుగుతున్నది. వాటి నడుమ మన ఉక్కు. ఆ మూడు కార్డులే ఒక పొట్టి తాడుగా కట్టి అంకుల్ చేతే గోడకి తగిలింపజేశాం.

జూన్ మొదట్లో: కర్రీ తాడు, డోర్డ్ కార్డు

కరెన్సీ, కరెంట్, కరిక్యులమ్, కర్రీ, కర్స్, కర్సర్, కర్టేల్. ఈ ఏడింట్లో నాలుగు పరిగెత్తేవే. లాటిన్‌లో కురెరే అంటే పరిగెత్తడం. చేతులు మారుతూ పోయే డబ్బు, తీగలో పారే కరెంటు, పరుగు పందెం బాట అనే అర్థంతో మొదలైన కరిక్యులమ్, తెర మీద పరిగెత్తే కర్సర్. ట్యూషన్లకి తిరిగే పిల్లలకి కరిక్యులమ్ సంగతి ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు. ఈ పరుగుల మధ్య తమిళ కరి ఇంగ్లీషులో కర్రీ అయి పొయ్యి మీద కూర్చుంది. పక్కనే కర్స్, అంటే శాపం. దాని మూలం డిక్షనరీలకే అంతుపట్టలేదు. కర్సర్‌కి తన వాళ్ల దగ్గరకి చేరాలంటే కూరనీ, శాపాన్నీ దాటాలి. దారం కూడా అలాగే పైనుంచి వంతెనలా వేయాల్సి వచ్చింది. కర్టేల్ అంటే తగ్గించడం. చివర్లో టెయిల్ కనబడుతుంది గానీ అది తర్వాత అతికిన తోక. అసలు మాట లాటిన్‌లో పొట్టి అనే అర్థమున్న కుర్టుస్ నుంచి వచ్చింది.

ఇదే వారం ఒక కొత్త నియమం. పిల్లవాడొకడు ‘సి ఎం’ అని కార్డు రాసి తెచ్చాడు, సెంటీమీటర్ అని. ఇంకొకడు చీఫ్ మినిస్టర్ అన్నాడు. పొడి అక్షరాలకి వేరే రంగు కార్డు ఉండాలని అప్పుడే తీర్మానించాం. దీనికి డోర్డ్ కథ చెప్పాను. వెబ్‌స్టర్ పెద్ద డిక్షనరీ రెండో కూర్పు తయారవుతున్నప్పుడు, సాంద్రతకి పెద్ద డి గానీ చిన్న డి గానీ గుర్తుగా వాడతారు అని 1931లో ఒక చీటీ వచ్చింది. దాని మీద ఉన్నది ‘D or d’, అంటే ‘డి లేదా డి’, మధ్యలో ఖాళీలతో. అది సంక్షిప్తాల కట్టలోకి పోవాల్సింది, మాటల కట్టలో పడింది. శీర్షిక మాటల్ని చీటీల మీద అక్షరాల మధ్య ఖాళీలు వదిలి టైపు చేసేవాళ్లు కాబట్టి మొత్తం కలిపి డోర్డ్ అని చదివేశారు. అలా 1934 కూర్పులో ‘డోర్డ్ అంటే సాంద్రత’ అని అచ్చయింది. 1939లో సంపాదకుడొకరు ఆ మాటకి మూలం ఇవ్వలేదేమా అని ఆగేదాకా ఎవరికీ పట్టలేదు. దాని పైన డోర్కాప్సిస్, ఒక చిన్న కంగారూ. కింద డోరే, అంటే బంగారు రంగు. ఆ ఇద్దరు పెద్దమనుషుల మధ్య లేని మాట ఒకటి దర్జాగా కాపురం చేసింది. పిల్లలు దానికీ ఒక కార్డు రాసి, దారం లేకుండా, బొట్టు లేకుండా, తలకిందులుగా కట్టారు.

జూన్, స్కూళ్లు తెరిచే ముందు: తుఫాను

ఈ తాడు కోసం అందరూ ఎదురుచూశారు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తీరం దాటినప్పుడు ఈ పిల్లల్లో చాలామంది పుట్టనే లేదు. పెద్దవాళ్లందరికీ మాత్రం చెప్పడానికి ఏదో ఒకటి ఉంది. నీళ్లు లేని రోజులు, కూలిన చెట్లు, ఊగిన కిటికీలు. పిల్లలకి కావాల్సింది పేరు. హుద్‌హుద్ అనేది ఒమన్ ఇచ్చిన పేరు. తల మీద ఈకల కిరీటముండే ఒక పిట్ట.

సైక్లోన్ అనే మాటకి పుట్టినిల్లు మన తీరమే అనొచ్చు. కలకత్తాలో ఉద్యోగం చేసిన హెన్రీ పిడింగ్టన్ బంగాళాఖాతపు గాలివానల నివేదికలు పోగేసి చదివి, గాలి ఒక నడిబిందువు చుట్టూ చుట్టుకుంటుందని గమనించి, చుట్ట చుట్టుకున్న పాముని తలపించే గ్రీకు మాటలోంచి ఈ పేరు చేశాడు. 1848లో నావికుల కోసం వేసిన పుస్తకంలో దాన్ని ప్రతిపాదించాడు. గ్రీకు మాటైనా మన సముద్రం కోసం పుట్టింది. దీనికి పచ్చ బొట్టు పెట్టాలా వద్దా అని పెద్ద చర్చ. చివరికి సగం బొట్టు.

పైన సైకిల్, సైక్లిక్, సైక్లిస్ట్. తోకల నియమం ప్రకారం చివరి రెండూ పోవాలి. తీసేస్తే తాడు బోసిపోతుందని ఉంచారు. కింద సైక్లోప్స్, సైక్లోస్టైల్, సిగ్నెట్. సైక్లోప్స్ గుండ్రటి ఒంటి కన్ను రాక్షసుడు. సైక్లోస్టైల్ చూసి మాస్టారు ముందుకొచ్చారు. స్టెన్సిల్ కాగితం మీద చిన్న చక్రమున్న కలంతో రాస్తే సన్నటి రంధ్రాలు పడతాయి, వాటిలోంచి సిరా దిగుతుంది. ఆ చక్రం వల్లే పేరు. స్కూల్లో ప్రశ్నపత్రాలు అలా తీసి వేళ్లు నల్లబడి ఇంటికెళ్లేవారట. ఇవన్నీ గ్రీకు చక్రానికి పుట్టినవే కాబట్టి ఎర్ర దారం అయిపోయేంత పని అయింది. సిగ్నెట్ ఒక్కటే బయటిది, హంస పిల్ల.

తుఫానుకి ఇంగ్లీషులో ఇంకో మాట ఉంది కదా అని పై ఫ్లోర్ అమ్మాయి టైఫూన్ తాడు కట్టింది. టైప్, టైఫాయిడ్, టైఫూన్, టిపికల్. ఇది చిన్నదైనా చాలా అందంగా కుదిరింది. టైప్, టిపికల్ రెండూ గ్రీకులో ముద్ర అనే మాటలోంచి వచ్చి అటు చివరా ఇటు చివరా నిలబడ్డాయి. మధ్యలో టైఫాయిడ్. దాని అడుగున గ్రీకు పొగ, జ్వరంలో మనసు మసకబారడం. పక్కన టైఫూన్. అందులో అరబ్బుల తూఫాన్, చైనావాళ్ల పెనుగాలి, గ్రీకు రాక్షసుడు టైఫాన్ ముగ్గురూ కలిసిపోయారు. అరబ్బుల ఆ మాటే మనకి తుఫాను. టైఫూన్‌కి బొట్టు ఏ రంగు పెట్టాలో తేలక ఆ అమ్మాయి మూడు రంగులూ వేసింది.

ఇప్పటికి ఉన్న స్థితి

గోడలో సగానికి పైగా నిండింది. ఎర్ర దారం అయిపోవచ్చింది, హార్బర్ కుర్రాడు మళ్లీ తెస్తానన్నాడు. తెల్ల దారం అలాగే ఉంది. టేకు తాడు మొదలైంది: టీ, టీచ్, టీక్, టీల్, టీమ్, టియర్. వీటిలో టీక్ మలయాళం నుంచి పోర్చుగీసు మీదుగా వెళ్లింది, మన టేకే. టీమ్ అంటే పాతకాలంలో ఒకే కాడికి కట్టిన పశువులు కూడా. టియర్ మటుకు ఒకే స్పెల్లింగ్‌తో రెండు మాటలు, కన్నీరూ చించడమూ. ఒక కార్డా రెండు కార్డులా అని ఇంకా తేలలేదు. నేను రెండు అంటున్నాను, పిల్లలు ఒకటి అంటున్నారు.

ఇంగ్లీషు డిక్షనరీలో అన్నిటికంటే లావైన భాగం ఎస్. ఇప్పటికి దాని మీద స్టీలు తాడు ఒక్కటే ఉంది. వచ్చే ఆదివారం ఎస్ పేజీలు పంచుకోవాలి. అమ్మమ్మగారికి మిషన్ సూదులు, తెల్ల కుట్టుదారం రీళ్లు కావాలి. అసోసియేషన్ సెక్రటరీ గారు వినాయక చవితికి గది ఖాళీ చేయమన్నారు. తాళ్లు ఊచల నుంచి విప్పి, చుట్టలు చుట్టి, మెట్ల కింద పెట్టి, పండగయ్యాక మళ్లీ కట్టుకోవచ్చని ఎలక్ట్రీషియన్ లెక్క. ఒక్కో తాడు ఎక్కడ కట్టామో ఊచ మీద మార్కర్‌తో నెంబర్లు వేయడం రేపటి పని.